కళ, కొలువు, ఒక షడ్భుజి: వృత్తి మార్గదర్శక సేవపై ఆరు నెలల అనుభవంతో సమీక్ష

కళారంగంలోనో ప్రజాసేవలోనో స్థిరపడాలనుకునేవారికి దారి చూపుతామని ప్రకటించుకునే ఒక ఆన్‌లైన్ మార్గదర్శక సేవను నేనూ, నా మేనకోడలూ ఆరు నెలల పాటు వాడాం. నేను పదిహేడేళ్లుగా ఒక ప్రభుత్వ కార్యాలయపు రికార్డుల విభాగంలో పనిచేస్తున్నాను. దాదాపు అంతే కాలంగా రంగస్థలానికి నాటకాలు రాస్తున్నాను. ఆమె గ్రాఫిక్ డిజైన్ చదువు ముగించి, డిజైనర్‌గా స్థిరపడటమా, పోటీ పరీక్షలు రాసి ప్రభుత్వ ఉద్యోగంలో చేరడమా అన్న మీమాంసలో ఉంది. ఒకరు దారి మధ్యలో, ఒకరు దారి మొదట్లో ఉన్నాం కాబట్టి ఒకే సేవను రెండు వైపుల నుంచీ పరీక్షించే అవకాశం దొరికింది. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి సేవలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి గనుక, ఇక్కడ చెప్పేదంతా ఆ అచ్చు గురించిన మాటగానే తీసుకోవచ్చు.

చందా కట్టినవారికి ముందుగా ఒక ప్రశ్నావళి, దాని ఆధారంగా ఒక నివేదిక, ఆ తరువాత ప్రసిద్ధుల వృత్తి జీవితాలను చెప్పే కథనాల సంపుటి, కౌన్సెలర్‌తో నలభై ఐదు నిమిషాల వీడియో సంభాషణ, చివరగా ఐదేళ్ల ప్రణాళికా పత్రం అందుతాయి. యాప్ సాఫీగానే పనిచేస్తుంది. అక్షరాలు కాస్త చిన్నవి.

ప్రశ్నావళిలో నూట ఇరవై వాక్యాలున్నాయి. ప్రతి వాక్యమూ ఒక పనిని చెబుతుంది. ఆ పని చేయడం ఎంత ఇష్టమో ఐదు మెట్ల మీద గుర్తించాలి. "ఒక నాటకానికి రంగాలంకరణ ఊహించడం" అన్న వాక్యం వచ్చిన రెండు వాక్యాలకే "పట్టికలోని అంకెలను మూలపత్రంతో సరిచూడటం" అన్నది వచ్చింది. రెంటికీ "చాలా ఇష్టం" అనే నొక్కాను. పక్కనే కూర్చున్న నా మేనకోడలు తెరలోకి తొంగిచూసి, "మామయ్యా, అంకెలు సరిచూడటం నిజంగానే అంత ఇష్టమా, లేక అలవాటయిందా?" అని అడిగింది. నిజంగానే ఇష్టం. పాత రిజిస్టరులో తప్పిపోయిన ఒక పద్దు మూడు పుటల అవతల మరొకరి చేతిరాతలో కనిపించి, అడుగున మొత్తం సరిపోయినప్పుడు కలిగే తృప్తికీ, రెండో అంకంలో ఎక్కడా ఇమడని పాత్ర నాలుగో రంగంలో తన చోటు తానే వెతుక్కున్నప్పుడు కలిగే తృప్తికీ నాకు పెద్ద తేడా తెలియదు. ప్రశ్నావళి గొప్పతనం ఇక్కడే ఉంది: అది నీకు ఎంత చేతనవును అని గాని, ఎంత జీతం కావాలి అని గాని అడగదు, ఇష్టాన్ని మాత్రమే అడుగుతుంది, కాబట్టి మనం చాలాకాలంగా మనకే ఒప్పుకోని ఇష్టాలు కూడా దానిముందు బయటపడతాయి.

అయితే ఈ ప్రశ్నావళి ఆ సంస్థ సొంత ఆవిష్కరణేమీ కాదు. జాన్ హాలండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1959లో ప్రతిపాదించిన వృత్తి ఎంపిక సిద్ధాంతమే దీనికి పునాది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో చేరినవారిని ఏ పనికి పంపాలో నిర్ణయించే ఇంటర్వ్యూలు చేస్తున్నప్పుడు, మనుషుల వృత్తి చరిత్రలు కొద్దిపాటి రకాల్లోకి ఒదుగుతున్నాయని ఆయనకు తోచింది. చివరకు ఆ రకాలు ఆరుగా తేలాయి. తెలుగులో వాటిని ఆచరణ, పరిశోధన, కళ, సామాజికం, చొరవ, క్రమం అని చెప్పుకోవచ్చు. ఇదే ఆరు రకాల మీద ఆధారపడిన అరవై ప్రశ్నల పరీక్షను అమెరికా కార్మిక శాఖ ఓనెట్ అన్న పేరుతో నడిపే వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా రాసుకోవచ్చు. కాబట్టి ఈ సేవకు చందా కట్టేది ప్రశ్నావళి కోసం కాదు, దాని తరువాత వచ్చే వ్యాఖ్యానం కోసం. అసలు సమస్య కూడా ఆ వ్యాఖ్యానంలోనే మొదలైంది.

హాలండ్ ఆరు రకాలనూ ఒక షడ్భుజి మూలల్లో అమర్చాడు. పక్కపక్క మూలల్లో ఉన్నవి పోలిక గలవి. ఎదురెదురు మూలల్లో ఉన్నవి పోలిక లేనివి. ఈ అమరికలో కళ ఉన్న మూలకు సరిగ్గా ఎదురుగా ఉన్నది క్రమం, అంటే పత్రాలు, లెక్కలు, నియమాలు, దస్త్రాలు. నా నివేదికలో ఈ రెండే అన్నింటికన్నా ఎత్తుగా వచ్చాయి. బొమ్మలో చూస్తే మధ్యలో ముడివేసిన గుడ్డను ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగుతున్నట్టుంది. దాని కింద ఎర్రరంగు పెట్టెలో ఇలా ఉంది: "మీ ఆసక్తుల మధ్య పొంతన తక్కువ. ఇది దీర్ఘకాలంలో అసంతృప్తికి దారితీయవచ్చు. ఒకదానిని ప్రధానంగా ఎంచుకోవలసిందిగా సూచిస్తున్నాము." పొంతన అన్నది హాలండ్ సిద్ధాంతంలో ఉన్న మాటే. కానీ అది రెండు ఆసక్తులు షడ్భుజిలో ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే కొలత. దాన్ని రోగనిర్ధారణలా ఎర్రపెట్టెలో పెట్టి, రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడికి చెప్పే హెచ్చరికగా మార్చింది ఈ సేవ.

ఆ హెచ్చరిక నిజమే అయితే సాహిత్య చరిత్రలో కొన్ని అల్మారాలు ఖాళీ చేయవలసి వస్తుంది. ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ 1834లో లండన్ జనరల్ పోస్టాఫీసులో గుమాస్తాగా చేరి 1867లో రాజీనామా చేశాడు. ఆ ముప్పై మూడేళ్ల నౌకరీలోనే తపాలా మార్గాల తనిఖీ అధికారిగా గ్రామాలు తిరిగాడు. ఛానల్ దీవులకు వెళ్లినప్పుడు వీధుల్లో తపాలా పెట్టెలు నిలబెట్టాలని సిఫారసు చేశాడు, 1852లో జెర్సీలో మొదటివి వెలిశాయి. అదే కాలంలో ప్రతి ఉదయం ఐదున్నరకే బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 పదాల చొప్పున నవలలు రాశాడు. రైలులో కూర్చున్నప్పుడు ఒడిలో పలక పెట్టుకుని రాసేవాడు. తపాలా అధికారికి ఉండవలసిన సమయపాలనే నవలాకారుడికీ పనికొచ్చింది. 1883లో, ఆయన మరణానంతరం వెలువడిన ఆత్మకథలో ఈ లెక్క చదివిన విమర్శకులు, ఇంత గుమాస్తాగిరీతో పుట్టినది కళ ఎలా అవుతుందని ముఖం చిట్లించారు. నా నివేదికలోని ఎర్రపెట్టె కూడా ఆ విమర్శకుల కోవకు చెందినదే.

కవాఫీ సంగతి మరీ చెప్పుకోదగ్గది. ఇరవయ్యో శతాబ్దపు గ్రీకు కవుల్లో అగ్రగణ్యుడైన ఆయన 1892 నుంచి 1922 వరకు, అంటే సరిగ్గా ముప్పై ఏళ్లు, అలెగ్జాండ్రియాలో నీటిపారుదల కార్యాలయపు గుమాస్తా. కవితలను విడి కాగితాల మీద అచ్చు వేయించి పరిచయస్థులకు పంచేవాడే తప్ప, బతికుండగా పుస్తకంగా అంగట్లో పెట్టలేదు. కొలువు తిండి పెడుతున్నందువల్ల కవిత అమ్ముడుపోవలసిన అవసరం లేకపోయింది, అమ్ముడుపోవలసిన అవసరం లేనందువల్ల ఒక్కో కవితను ఏళ్ల తరబడి చెక్కుకునే తీరిక దొరికింది.

ప్రాగ్ నగరపు జర్మన్ భాషా రచయిత కాఫ్కా గురించి ఈ సేవలోని కథనాల సంపుటి ఒక పేజీ రాసింది. "నచ్చని ఉద్యోగంలో నలిగిపోయిన మేధావి" అన్నది దాని శీర్షిక. ఉద్యోగాన్ని ఆయన విసుక్కున్న మాట నిజమే. డైరీల నిండా ఆ విసుగు ఉంది. కానీ ఆ పేజీ వదిలేసిన సంగతులు, వృత్తి మార్గం వెతుక్కునేవాడికి ఆ విసుగు కన్నా ఎక్కువ ఉపయోగపడేవి. ఆయన మొదట చేరింది ఒక ప్రైవేటు బీమా కంపెనీలో. అక్కడ ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా పని. ఏడాది తిరగకుండానే, 1908లో, ప్రాగ్‌లోని కార్మికుల ప్రమాద బీమా సంస్థకు మారాడు, ఎందుకంటే అక్కడ మధ్యాహ్నం రెండింటికే పని ముగుస్తుంది. అంటే ఆయన ఉద్యోగాన్ని ఎంచుకున్నది గంటలు చూసి. చేరాక ఆ పనిని నిర్లక్ష్యం చేయలేదు. కొయ్య చిత్రిక పట్టే యంత్రాల్లో చదరపు ఇరుసులు కార్మికుల వేళ్లను ఎలా తెగ్గొడుతున్నాయో, గుండ్రని ఇరుసులు వాడితే ప్రమాదం ఎలా తగ్గుతుందో బొమ్మలతో సహా వివరించే నివేదిక రాశాడు. వరుసగా పదోన్నతులు పొందాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన లేనిదే పని నడవదని చెప్పి సంస్థే ఆయనను సైన్యంలోకి పోనివ్వలేదు. 1922లో ఉద్యోగం విడిచింది కళ కోసం కాదు, క్షయవ్యాధి వల్ల. చదరపు ఇరుసుకూ గుండ్రని ఇరుసుకూ మధ్య మనిషి వేలికి ఏమవుతుందో అంత నిదానంగా, అంత స్పష్టంగా రాయగలిగిన చెయ్యే ఆ రాత్రులు కథలూ రాసింది. కళ, క్రమం ఎదురెదురు మూలలన్న వాదానికి ఆ యంత్రాల నివేదికను మించిన జవాబు నాకు కనబడలేదు.

నా మేనకోడలి నివేదికలో తప్పు మరోవైపు నుంచి వచ్చింది. ఆమెకు కళ, సామాజికం ఎక్కువగా వచ్చాయి. ఇవి షడ్భుజిలో పక్కపక్క మూలలు. పెట్టె పచ్చరంగులో ఉంది: "కళాదృష్టితో ప్రజాసేవ చేయడానికి మీరు చక్కగా సరిపోతారు." చదివి ఆమె సంబరపడింది, రెండు రోజులు పోటీ పరీక్షల పుస్తకాలు తిరగేసింది. ఈ సేవ ప్రజాసేవ అన్న మాటను మొత్తంగా సామాజికం అన్న మూలలోకి తోసేసింది. ప్రజాసేవ అంటే మనుషుల మధ్య ఉండటం, ఆదుకోవడం, నేర్పడం, మాట్లాడటం అని దాని ఊహ. ప్రజాసేవలో అలాంటి పని ఉన్నమాట నిజం. కవయిత్రి గాబ్రియేలా మిస్త్రాల్ చిన్న వయసులోనే బడిలో పాఠాలు చెప్పడంతో మొదలుపెట్టి, 1922లో విద్యా సంస్కరణల కోసం మెక్సికో ప్రభుత్వం పిలిస్తే వెళ్లి, తరువాత చిలీ దేశపు కాన్సుల్‌గా పనిచేస్తూ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నారు. కానీ పరీక్ష రాసి కార్యాలయంలో అడుగుపెట్టినవారికి మొదటి ఐదారేళ్లు ఎక్కువగా దొరికేది మనుషులు కాదు, ఫైళ్లు. నోట్ రాయడం, నియమం వెతకడం, సంతకానికి పంపడం, తిరిగి వచ్చిన అభ్యంతరానికి జవాబు రాయడం. ఆ పని క్రమం అన్న మూలకు చెందుతుంది. ఆమెకు ఆ మూలలో వచ్చిన మార్కులు ఆరింటిలో ఆఖరివి. నాకు అకారణంగా భయం పెట్టిన నివేదికే ఆమెకు అకారణంగా భరోసా ఇచ్చింది. ఒకే తప్పు ఇద్దరి దగ్గరా రెండు రంగుల్లో కనబడింది.

ఈ సేవలో అన్నింటికన్నా బలహీనమైన భాగం కథనాల సంపుటి. కాఫ్కాతో పాటు మరో ముప్పై మంది ఉన్నారు. అందరి కథా ఒకే పాటగా సాగుతుంది: ఇరుకైన కొలువు, ఒక శుభోదయం, ధైర్యంగా రాజీనామా, ఆపై కీర్తి. లేదా దానికి తలకిందులుగా: కళాకారుడు, ఒక పిలుపు, ఆపై పదవి. ట్రాలప్ పేజీలో ఆయన రాజీనామా ఉంది గాని, అరవై ఏళ్లు నిండకుండా విరమించుకుంటే పోయే పింఛనుకు సరిపడా ఆదాయం వచ్చేటంత సొమ్ము ముందుగా కూడబెట్టుకున్నాకనే రాజీనామా ఇచ్చాడన్న సంగతి లేదు. రాజీనామా ఇచ్చిన మరుసటి ఏడాది, 1868లో, పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయాడన్నదీ లేదు. దారి వెతుక్కునే మనిషికి రాజీనామా కన్నా ఆ కూడబెట్టిన లెక్కే కదా ఎక్కువ పనికొచ్చేది.

హావెల్ పేజీ ఆయన నాటకాల నుంచి ఒక్క పేరాలో 1989 డిసెంబరులో చెకొస్లొవేకియా అధ్యక్ష పదవికి చేరుతుంది. ఆ రెంటి మధ్యన రచనలపై నిషేధం, బీరు తయారీ కర్మాగారంలో కూలిపని, 1977 నాటి మానవ హక్కుల ప్రకటనలో భాగస్వామ్యం, 1979 నుంచి 1983 దాకా జైలు ఉన్నాయి. నాటక రచయిత అధ్యక్షుడు కావడం ఒక వృత్తి మార్గమైతే, ఆ మార్గంలో జైలు కూడా ఒక మజిలీ. దాన్ని చెప్పకపోవడం మర్యాదా కాదు, నిజమూ కాదు. పియానో విద్వాంసుడు పదెరెవ్‌స్కీ 1919లో పోలండ్ ప్రధానమంత్రి అయ్యాడనీ, వెర్సాయ్ సంధిపై సంతకం చేశాడనీ సంపుటి చెబుతుంది. ఆ పదవిలో ఏడాది కూడా లేడనీ, 1922లో మళ్లీ కచేరీ వేదిక ఎక్కాడనీ చెప్పదు. అసలు సంపుటి మొత్తంలో తిరిగిరావడం అన్నది ఎక్కడా లేదు. కొలువులోకి వెళ్లినవారు వెళ్లినట్టే, కళలోకి వచ్చినవారు వచ్చినట్టే.

ఆ లోటు జర్మన్ కవి గెథే పేజీలో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆయన 1775లో వైమార్ వెళ్లి, మరుసటి ఏడాదికే ప్రభువు సలహామండలిలో సభ్యుడై, గనులు, రోడ్లు, సైన్య వ్యవహారాల బాధ్యతలు మోశాడు. పదేళ్లు గడిచాక, 1786లో, దాదాపు ఎవరికీ చెప్పకుండా ఇటలీ ప్రయాణమయ్యాడు. రెండేళ్ల తరువాత తిరిగివచ్చినప్పుడు రాజీనామా చేయలేదు. చాలావరకు పాలనా బాధ్యతలు వదిలించుకుని, తన స్వభావానికి తగినవి మాత్రమే ఉంచుకున్నాడు. 1791 నుంచి ఆస్థాన రంగశాల నిర్వహణ చూశాడు. ఇది వదిలేయడమూ కాదు, భరించడమూ కాదు. మూడో పద్ధతి ఒకటుంది, దీర్ఘకాలపు సెలవు, దాని తరువాత బాధ్యతల పునర్విభజన. నాలాంటి మధ్యవయస్కుడికి అక్కరకొచ్చే ఒకే ఒక్క ఉదాహరణ సంపుటిలో దొరికిందంటే, దాన్ని కూడా "ఇటలీ అందాలు ఆయనలో కవిని మేల్కొలిపాయి" అన్న వాక్యంతో ముగించేశారు.

బ్రెజిల్ గాయకుడు గిల్బెర్తో గిల్ పేజీ మాత్రం కొంత మెరుగు. 1988లో సాల్వదోర్ నగర సభకు ఎన్నికైన సంగతి నుంచి మొదలుపెట్టి, 2003 నుంచి 2008 దాకా బ్రెజిల్ సంస్కృతీ మంత్రిగా ఉన్న కాలం వరకు వరుస తప్పకుండా చెప్పింది. మంత్రిగా ఉంటూనే ఆయన పాడటం మానలేదనీ, 2003 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభామందిరంలో ఆయన పాడుతుంటే అప్పటి సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ తాళవాద్యం వాయించారనీ కూడా ఉంది. ఇది రాసిన చెయ్యి వేరే అనుకుంటాను.

ప్రభుత్వం మారితే కొలువు ఏమవుతుందన్న ప్రశ్న సంపుటిలో ఎక్కడా రాదు. ప్రజాసేవలో ఉన్న కళాకారుడికి ఇది వృత్తిపరమైన ప్రమాదం. అర్జెంటీనా రచయిత బోర్హెస్ ఒక పురపాలక గ్రంథాలయంలో పనిచేస్తుండగా 1946లో పెరోన్ ప్రభుత్వం వచ్చింది. ఆయనను గ్రంథాలయం నుంచి తప్పించి సంతలో కోళ్ల తనిఖీ అధికారిగా "పదోన్నతి" ఇచ్చారు. రాజీనామా చేశాడు. ఆ ప్రభుత్వం పడిపోయాక, 1955లో, జాతీయ గ్రంథాలయానికి సంచాలకుడయ్యాడు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. ఈ కథను సంపుటిలో చేర్చితే చదువరులు భయపడతారనుకున్నారేమో. నా అనుభవంలో కొత్తగా చేరేవారికి ముందే తెలిసిన భయం, తరువాత తెలిసిన భయం కన్నా తేలిక.

నా మేనకోడలికి ఈ సేవ చేసిన అసలు అన్యాయం మరొకటి. నివేదిక చివర సరిపడే వృత్తుల పట్టికలో ఒక వైపు "గ్రాఫిక్ డిజైనర్, చిత్రకారిణి, యానిమేటర్", మరోవైపు "సంక్షేమాధికారి, ఉపాధ్యాయురాలు, పాలనాధికారి" అని ఉన్నాయి. ప్రజల కోసమే డిజైన్ చేసే వృత్తి ఒకటుందని ఆ పట్టికకు తెలియదు. బ్రిటన్‌లో 1965లో అమల్లోకి వచ్చిన రోడ్డు గుర్తులను జాక్ కిన్నియర్, మార్గరెట్ కాల్వర్ట్ కలిసి రూపొందించారు. వేగంగా పోయే వాహనం నుంచి ఒక్క క్షణంలో చదవగలిగేలా అక్షరాలను, బొమ్మలను, రంగులను నిర్ణయించారు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటే ఇద్దరు పిల్లల గుర్తులో ముందు నడిచే పాప తానేనని కాల్వర్ట్ చెప్పారు. లండన్ భూగర్భ రైలు పటాన్ని నేటి రూపానికి తెచ్చిన హ్యారీ బెక్ వృత్తిరీత్యా ఆ రైలు సంస్థలో సిగ్నల్ విభాగపు నక్షా గీసే ఉద్యోగి. 1931లో సొంత సమయంలో గీసిన పటాన్ని సంస్థ ముందు తిరస్కరించి, 1933లో ప్రజలకు విడుదల చేసింది. దూరాలను పట్టించుకోకుండా మార్గాలను నిలువు, అడ్డం, ఏటవాలు గీతలుగా మార్చిన ఆ ఆలోచన విద్యుత్ సర్క్యూట్ల నక్షాలు గీసేవాడి చేతిలో పుట్టడం సహజమే. మా అమ్మాయికి నేను ఈ రెండింటినీ చూపించినప్పుడు ఆమె ఆ పిల్లల గుర్తును పెద్దది చేసి, చాలాసేపు చూసి, "మామయ్యా, ఇది కొలువా, కళా?" అంది. నివేదిక అడగవలసిన ప్రశ్న అది.

ఆదాయం గురించిన పేజీ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. కళాకారుడికి నెలసరి సగటు ఆదాయం ఒకే అంకెగా వేశారు. కళాకారుడి ఆదాయం నెలసరిగా రాదు. పని దొరికిన నెల ఒక ముద్దగా వచ్చి, తరువాత చాలాకాలం రాదు. ఈ వాస్తవాన్ని కొన్ని ప్రభుత్వాలే గుర్తించాయి. ఫ్రాన్స్‌లో రంగస్థల, చలనచిత్ర పనివారికి ప్రత్యేక నిరుద్యోగ భృతి ఉంది. పన్నెండు నెలల్లో 507 గంటల పని చూపించగలిగితే అది వర్తిస్తుంది. ఐర్లండ్ 2022లో రెండు వేల మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున కనీస ఆదాయం ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టింది. నెలసరి సగటు చూసి నిర్ణయం తీసుకునే పిల్లలకు ఇలాంటివి తెలియాలి.

ఇన్ని లోపాలున్నా ఈ సేవను తీసిపారేయలేకపోవడానికి కారణం కౌన్సెలర్. మొదటి సంభాషణ పదకొండో నిమిషంలో తెగిపోయింది. మళ్లీ సమయం దొరకడానికి పదకొండు రోజులు పట్టింది, మధ్యలో రాసిన రెండు ఉత్తరాలకూ ఒకే ముద్రిత సమాధానం వచ్చింది. కానీ రెండోసారి ఆమె నా నివేదికను ముందే చదివి వచ్చారు. "ఎర్రపెట్టె సంగతి పక్కన పెడదామండి," అన్నారు మొదటే. "రోజు మొత్తంలో మీకు బుర్ర బాగా పనిచేసే గంట ఏది?" తెల్లవారుజామున అన్నాను. "ఆ గంట ఇప్పుడు ఎవరికి ఇస్తున్నారు?" కార్యాలయంలో ఆ రోజు పెట్టవలసిన ఫైళ్లను ఇంట్లో ఒకసారి చూసుకోవడానికి అని చెప్పవలసి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు, రాసుకున్నారు. నూట ఇరవై వాక్యాలు రాబట్టలేని విషయం రెండు ప్రశ్నల్లో బల్ల మీదికి వచ్చింది.

ఆ తరువాత ఆమె అడిగినవన్నీ ప్రశ్నావళిలో ఉండవలసినవే. బయట నాటకం ప్రదర్శించడానికి పై అధికారి అనుమతి కావాలా, తెలియజేస్తే సరిపోతుందా? పారితోషికం తీసుకోవచ్చా? నాటకంలో కార్యాలయంలో చూసిన సంగతులు వస్తున్నాయా, వస్తే అవి రహస్య పత్రాలకు సంబంధించినవా? మీ విభాగానికి పని ఉన్న సంస్థ ఏదైనా మీ నాటకానికి సొమ్ము ఇస్తోందా? పని వేళల్లో, పని నిమిత్తం తయారుచేసిన దాని మీద హక్కు ఎవరిది? చివరి ప్రశ్నకు ఆమె చెప్పిన ఉదాహరణ నాకు కొత్త. డొరొథియా లాంగ్ 1936లో అమెరికా ప్రభుత్వ ఉద్యోగిగా, వలస కూలీల దుస్థితిని నమోదు చేసే పనిలో ఉండగా, పిల్లలతో గుడారంలో కూర్చున్న ఒక తల్లిని ఫోటో తీశారు. ప్రపంచంలో అత్యధికంగా అచ్చయిన ఫోటోల్లో అది ఒకటి. అమెరికా చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో చేసిన కృతికి కాపీరైటు ఉండదు కాబట్టి, ఎన్నిసార్లు అచ్చయినా దాని మీద ఆమెకు రావలసిన రాయల్టీ అంటూ ఏదీ లేదు. ఆ ఫోటో తీయడానికి ఆమెను ఆ గుడారం దాకా చేర్చింది కూడా ఆ కొలువే. ఇక్కడ ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో లెక్క తేల్చడం సులభం కాదని కౌన్సెలర్ నవ్వారు.

నా మేనకోడలితో మాట్లాడింది వేరే కౌన్సెలర్, ఆయనా నెమ్మదస్తుడే. పరీక్ష రాయాలా వద్దా అన్న చర్చలోకి పోకుండా, ఒక ప్రభుత్వ కార్యాలయంలో పది రోజులు కూర్చుని అక్కడి ఉద్యోగి చేసే పని గమనించి రమ్మని చెప్పారు. ఆమె మా ఆఫీసుకే వచ్చింది, అనుమతి తీసుకుని. మూడో రోజున మా దరఖాస్తు ఫారాన్ని తీసుకుని, జనం ఏ గడి దగ్గర ఆగి పక్కవారిని అడుగుతున్నారో పెన్సిలుతో గుర్తులు పెట్టడం మొదలుపెట్టింది. ఏడో గడి దగ్గర దాదాపు అందరూ ఆగుతున్నారు. పదిహేడేళ్లుగా ఆ ఫారాలు నా చేతుల మీదుగా పోతున్నాయి. ఆ ఏడో గడిలో రెండు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయని నేను ఎన్నడూ గమనించలేదు.

ఐదేళ్ల ప్రణాళికా పత్రం యంత్రం తయారుచేసినదని మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. కౌన్సెలర్ రాసుకున్న ఏ మాటా అందులోకి చేరలేదు. నా ప్రణాళికలో మూడో సంవత్సరం ఎదురుగా "ప్రస్తుత ఉద్యోగానికి రాజీనామా" అనీ, నాలుగో సంవత్సరం ఎదురుగా "ఆర్థిక స్థిరత్వం సాధించడం" అనీ ఉంది. ఆ రెంటి మధ్య పన్నెండు నెలలు ఏం తింటారో రాయలేదు. మా అమ్మాయి ప్రణాళిక ప్రకారం రెండో ఏడాదిలోనే ఆమె సొంత చిత్ర ప్రదర్శన పెట్టి, అదే ఏడాది పోటీ పరీక్షలో ఉత్తీర్ణురాలు కావాలి. ఆ కాగితాన్ని ఆమె వెనక్కి తిప్పి, మా ఆఫీసు ఫారాన్ని కొత్తగా గీయడానికి వాడుకుంది.

ఈ సేవ ఎవరికి పనికొస్తుందంటే, ఇంకా ఏ పనిలోనూ అడుగుపెట్టని వారికి, అది కూడా ప్రశ్నావళి, కౌన్సెలర్ ఈ రెంటి మేరకు. ఉద్యోగంలో ఉండి కళను నడుపుకుంటున్నవారు, లేదా కళలో ఉండి కొలువు వైపు చూస్తున్నవారు నివేదికలోని రంగు పెట్టెలను చదవకుండా నేరుగా సంభాషణకు వెళ్లడం మంచిది. కథనాల సంపుటిని చదవాలనుకుంటే, ప్రతి పేజీకీ తేదీలు వేరే చోట సరిచూసుకోండి. నేను సరిచూసిన వాటిలో సంవత్సరాలు తప్పినవి రెండే, సంవత్సరాల మధ్య జరిగినది మాయమైనవి చాలా. ఖాతా మూసేటప్పుడు మన సమాధానాలను చెరిపివేయమని విడిగా అడగాలి. ఊరికే ఖాతా మూస్తే అవి అక్కడే ఉంటాయి.

చందా గడువు ముగియడానికి రెండు రోజుల ముందు నేను పొడిగింపు రద్దు చేశాను. మిగతావి లేకుండా కౌన్సెలర్‌తో మాత్రమే మూడు నెలలకొకసారి మాట్లాడే వీలుందా అని రాస్తే, అలాంటి పథకం లేదని జవాబు వచ్చింది. మా అమ్మాయి గీసిన ఫారం మాత్రం మా పై అధికారి బల్ల మీద ఉంది. ఏడో గడిని ఆమె రెండు గడులుగా విడదీసింది. దాని మీద నోట్ రాసే పని నాకే పడింది, రేపు తెల్లవారుజామున కాకుండా ఆఫీసు వేళల్లోనే రాస్తాను.